తర్వాతి మెట్టు ఎవరి చేతిలో



మన ఇళ్లలో ఎవరికైనా ఉద్యోగం వచ్చిందని తెలియగానే చుట్టపక్కాలు రెండు సంగతులు అడుగుతారు. జీతం ఎంత? పర్మనెంటేనా? రెండూ అవసరమైన ప్రశ్నలే. పెళ్లి సంబంధాలు వాటిని బట్టే కుదురుతాయి, బ్యాంకు అప్పు కూడా వాటిని బట్టే పుడుతుంది. కానీ ముప్పై ముప్పై అయిదేళ్ల పని జీవితాన్ని మలుపు తిప్పే సంగతి ఇంకొకటి ఉంది. ఈ పనిలో చేరినవాడు పదేళ్లకు ఎక్కడికి చేరగలడు? ఇక్కడ నేర్చుకున్నదాన్ని బయట ఇంకెవరైనా లెక్కలోకి తీసుకుంటారా? చేరేవాళ్లు ఈ మాట అడగడం తక్కువ. చేర్చుకునేవాళ్లు తమంతట తాము చెప్పడం ఇంకా తక్కువ.

నలభై అయిదేళ్లు వచ్చినా చేరిన చోటే ఉండిపోయిన మనిషిని చూసి చొరవ లేదంటాం, చదువు చాలలేదంటాం, రాత అంటాం. పైకి వెళ్లినవాణ్ణి చూసి తెలివైనవాడంటాం. తెలివికీ శ్రమకూ విలువ లేదని నేననను. అవి రెండూ ఉండి కూడా, చేరిన పనికి పైన మెట్టే లేకపోతే ఆ మనిషి ఏం చేయగలడు? మెట్టు కట్టేది ఉద్యోగి కాదు. యజమాని కడతాడు, లేదంటే చట్టం కట్టిస్తుంది. ఈ ఒక్క విషయాన్ని మీ ముందు కొంచెం వివరంగా పెట్టాలని ఈ ప్రసంగం. ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు, మన బొగ్గుబాయి ఉంది.

1870ల మొదట్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889 నుంచి బొగ్గు పైకి రావడం మొదలైంది. 1920లో ఆ కంపెనీ సింగరేణి కాలరీస్ అయింది. ఇవాళ అందులో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు, గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, భూపాలపల్లి, ఈ ఊళ్లలో తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ బాయిలో పనిచేసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఒకే యజమాని దగ్గర తరాల తరబడి పనిచేసినప్పుడు మనిషి ఎంతవరకు ఎదగగలడో, ఎక్కడ ఆగిపోతాడో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు.

బాయిలోకి తొలి అడుగు చాలామందికి బదిలీ వర్కర్‌గానే పడింది. పర్మనెంటు కార్మికుడు నాగా పెడితే ఆ స్థానంలో పని దొరుకుతుంది. ఎవరూ నాగా పెట్టకపోతే ఇంటికి పోవాలి. ఏడాదిలో అండర్‌గ్రౌండ్‌లో 190 మస్టర్లు, అంటే హాజరు రోజులు, సర్ఫేస్‌లో అయితే 240 మస్టర్లు నిండితే జనరల్ మజ్దూర్ అవుతాడు. అది క్యాటగిరీ ఒకటి. అక్కడి నుంచి పనిని బట్టి, ఖాళీలను బట్టి ఒక్కో క్యాటగిరీ పైకి వెళ్లాలి. ఒక్క మస్టరు తక్కువైతే ఏడాది వెనకబడినట్టే. అందుకే బాయి ఇళ్లలో మస్టర్ల లెక్క జీతం లెక్కంత జాగ్రత్తగా రాసుకునేవాళ్లు. జ్వరం వచ్చినా షిఫ్టుకు పోయేవాళ్లు.

దీని పక్కనే ఇంకో దారి ఉంది. అండర్‌గ్రౌండ్‌లో నిర్ణీత కాలం పనిచేసి, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ తెచ్చుకుని, డీజీఎంఎస్ పరీక్ష రాస్తే మైనింగ్ సర్దార్ కావచ్చు. డీజీఎంఎస్ అంటే గనుల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. దాని ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది. సర్దార్ తర్వాత ఓవర్‌మన్, ఆ తర్వాత సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్, దానిపైన ఫస్ట్ క్లాస్. అర్హత ఉన్న సర్దార్ లేకుండా పని స్థలాన్ని నడపడానికి గనుల నిబంధనలు ఒప్పుకోవు. పైకప్పు వదులుగా ఉందనో, గ్యాస్ ఉందనో అనుమానం వస్తే అక్కడి మనుషుల్ని బయటికి పంపే బాధ్యత సర్దార్‌దే. ప్రాణాలకు పూచీ పడే పని కాబట్టి చట్టమే ఈ మెట్టు కట్టించింది. ఖర్చు తగ్గించుకోవాలని ఏ యజమానీ దాన్ని తీసెయ్యలేడు.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ సర్టిఫికెట్ ఇచ్చేదెవరన్నది. కంపెనీ ఇచ్చింది కాదు కాబట్టి అది కంపెనీ గేటు దగ్గర ఆగిపోదు. సింగరేణిలో ఎంత చెల్లుతుందో కోల్ ఇండియా గనుల్లోనూ, ప్రైవేటు బొగ్గు గనుల్లోనూ అంతే చెల్లుతుంది. అది చేతిలో ఉన్నవాడికి పై అధికారితో పొసగకపోయినా, గని మూతపడినా వేరేచోట బతుకు దొరుకుతుంది.

ఇప్పుడు అదే బాయిలో ఫిల్లర్ సంగతి చూడండి. బ్లాస్టింగ్ అయ్యాక పడిన బొగ్గును తట్టకెత్తి టబ్బు నింపడం అతని పని. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. బాయిలో అంతకంటే కష్టమైన పని లేదు. వయసులో ఉన్నప్పుడు మంచి డబ్బే వచ్చేది. కానీ ఇరవై ఏళ్లు ఆ పని చేసినవాడి దగ్గర అతని నేర్పును రుజువు చేసే కాగితం ఒక్కటీ లేదు. పైకప్పు చప్పుడు విని ప్రమాదం పసిగట్టగల అనుభవం ఉంది, కానీ దాన్ని కొలిచి రాసి ఇచ్చినవాళ్లు లేరు. ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చి బొగ్గు ఎత్తడం మొదలుపెట్టాక ఆ పనే లేకుండా పోయింది. ఫిల్లర్లను వేరే పనుల్లోకి మార్చారు. నడుము, మోకాళ్లు అరిగిపోయిన వయసులో కొందరు మజ్దూర్ పనికి వచ్చారు, కొందరు గోల్డెన్ షేక్‌హ్యాండ్, అంటే స్వచ్ఛంద విరమణ, తీసుకుని ఇంటికి పోయారు. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇవాళ 40 వేల చుట్టుపక్కల ఉంది. సర్దారూ ఫిల్లరూ ఒకే బాయిలో దిగారు, అదే ఉక్కపోత, అదే బొగ్గు దుమ్ము. ఫిల్లర్ సోమరి కాదు, తెలివితక్కువవాడూ కాదు. అతను చేరిన పనికి పై మెట్టు లేదు.

అమెరికాలో పీటర్ డోరింగర్, మైకేల్ పియోర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1971లో ఒక పుస్తకం రాశారు. పెద్ద సంస్థల్లో ఉద్యోగాలు బజారులో కూరగాయల ధరల్లా గిరాకీని బట్టి నడవవనీ, కింది వరసలో కొన్ని ద్వారాల గుండా మాత్రమే బయటివాళ్లను లోపలికి రానిస్తారనీ, పై స్థానాలను లోపలివాళ్లతోనే, సంస్థ రాసుకున్న నియమాల ప్రకారం నింపుతారనీ వివరించారు. ఆ పుస్తకం చదవకపోయినా మన రైల్వే ఉద్యోగికి ఈ సంగతి బాగా తెలుసు. ట్రాక్ మీద సుత్తి పట్టుకుని చేరిన యువకుడు శాఖలోపలి పరీక్ష, అంటే జీడీసీఈ రాసి అసిస్టెంట్ లోకో పైలట్ అయ్యే వీలుంది. అక్కడి నుంచి షంటింగ్, గూడ్స్, ప్యాసింజర్, మెయిల్ ఎక్స్‌ప్రెస్ వరకు వరస ఉంది. ఎండలో పట్టాలు చూసుకుంటూ రాత్రిళ్లు పుస్తకం పట్టుకునే కుర్రవాళ్లు ఎందుకు అంత పట్టుదలగా చదువుతారంటే, చదివితే తెరుచుకునే తలుపు ఒకటి కంటికి కనిపిస్తోంది కనుక.

సింగరేణిలో కూడా తెలంగాణ వచ్చాక కారుణ్య నియామకాల పేరుతో వారసులు చేరుతున్నారు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకో కూతురో వస్తారు. వీళ్లలో డిగ్రీలు, బీటెక్‌లు చదివినవాళ్లు ఉన్నారు. వాళ్లకూ దొరికేది బదిలీ వర్కర్ పనే. కంపెనీ అప్పుడప్పుడు ఇంటర్నల్ నోటిఫికేషన్లు ఇచ్చి క్లర్కు పోస్టులకో, టెక్నికల్ పోస్టులకో లోపలివాళ్లకు పరీక్ష పెడుతుంది. ఆ నోటిఫికేషన్ ఏటా వస్తే ఆ యువకుడి జీవితం ఒక రకంగా ఉంటుంది, ఏళ్ల తరబడి రాకపోతే ఇంకో రకంగా ఉంటుంది. ఆ మనిషి మారలేదు, అతని చదువూ మారలేదు. మారింది ఒక ఆఫీసులో ఒక ఫైలు కదలడమో కదలకపోవడమో. చదువుకున్న పిల్లలను బాయిలోకి తీసుకుంటున్న సంస్థ ఆ చదువుకు తగిన దారి కూడా క్రమం తప్పకుండా తెరిచి ఉంచాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆడవాళ్ల విషయం ఇంకా కఠినం. 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ మహిళలు అండర్‌గ్రౌండ్‌లో పనిచేయడాన్ని నిషేధించింది. కాపాడాలన్న ఉద్దేశంతో రాసిన మాటే అది. దాని ఫలితం ఏమైందో చూడండి. ఏ గనినైనా నడిపే అర్హత ఇచ్చే మేనేజర్ సర్టిఫికెట్‌కు అండర్‌గ్రౌండ్ అనుభవం కావాలి. అది లేనివాళ్లకు ఓపెన్‌కాస్ట్ వరకే పరిమితమైన సర్టిఫికెట్ వస్తుంది. మైనింగ్ ఇంజనీరింగ్ చదువుకున్న అమ్మాయికి, బాయిలోకి దిగే దారి మూసినందువల్ల, ఆ పైన ఉన్న మెట్లన్నీ మూసుకుపోయాయి. 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ఈ పరిస్థితిని కొంత మార్చింది. సాంకేతిక, పర్యవేక్షక, మేనేజర్ స్థాయి పనుల్లో ఉన్న మహిళలు వాళ్ల రాతపూర్వక సమ్మతితో, ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు, కనీసం ముగ్గురుండేలా అండర్‌గ్రౌండ్‌లో పనిచేయవచ్చని అనుమతించింది. అరవై ఏడేళ్లు పట్టింది. ఆ అరవై ఏడేళ్లలో ఎంతమంది ఆ చదువు వైపే చూడకుండా పక్కకు జరిగిపోయారో ఏ రికార్డులోనూ ఉండదు. లేని మెట్టు వైపు నడిచేవాళ్లు ఉండరు కాబట్టి, ఎవరూ అడగడం లేదు కదా అని యజమాని అనుకుంటాడు.

ఇక అదే గని గేటు లోపల ఇంకో లోకం ఉంది. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు మీది మట్టిని తొలగించే పనిలో ఎక్కువ భాగం కాంట్రాక్టుకు ఇస్తారు. దాన్ని ఓబీ పని అంటారు. అక్కడ టిప్పర్ నడిపే డ్రైవర్ కంపెనీ బొగ్గు కోసమే పనిచేస్తాడు, కంపెనీ దుమ్మే పీలుస్తాడు, కానీ అతని యజమాని కాంట్రాక్టర్. కాంట్రాక్టు గడువు తీరి కొత్త కాంట్రాక్టర్ వచ్చాడనుకోండి. డ్రైవర్ అతనే, నడిపే క్వారీ అదే, కానీ చేరిన తేదీ కొత్తది. పదేళ్ల సర్వీసు కాగితం మీద ఆరు నెలలుగా కనిపిస్తుంది. మొదటి మెట్టునే మళ్లీ మళ్లీ ఎక్కిస్తారు. గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు కావాలని 1972 చట్టం చెప్పింది, ఆ అయిదు నిండకుండానే ఎన్నోసార్లు లెక్క మళ్లీ మొదలవుతుంది. సెక్యూరిటీ గార్డులు, ఆస్పత్రుల్లో శుభ్రం చేసే అక్కలు, కరెంటు సబ్‌స్టేషన్లలో ఆపరేటర్లు, ప్రభుత్వ ఆఫీసుల్లో అవుట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ పిల్లలు, వీళ్లందరిదీ ఇదే కథ.

పని వదిలేటప్పుడు కార్మికుడికి సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం కింది నిబంధనల్లో ఎప్పుడో రాశారు. ఇచ్చేవాళ్లు అరుదు, అడిగే ధైర్యం ఉన్నవాళ్లూ అరుదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. గడువు పెట్టి నియమించిన ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అంటున్నాయి. కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి, వాటిలో చాలావాటిని నేనూ పట్టించుకోవలసినవిగానే చూస్తాను. కానీ నియామక పత్రం మాత్రం చిన్న విషయం కాదు. ఫలానా తేదీ నుంచి ఫలానా పని చేశాను అని చూపించగలిగిన రోజున ఆ డ్రైవర్ ఇంకో గనికి, ఇంకో రాష్ట్రానికి వెళ్లి తన అనుభవానికి ధర అడగగలడు. ప్రావిడెంట్ ఫండ్ విషయంలో ఇలాంటి మేలు ఇప్పటికే ఒకటి జరిగింది. ఒకప్పుడు యజమాని మారినప్పుడల్లా పీఎఫ్ నంబరు మారేది, పాత ఖాతాలో డబ్బు మర్చిపోయినవాళ్లు లక్షల్లో ఉండేవాళ్లు. 2014లో యూఏఎన్ అనే శాశ్వత నంబరు వచ్చాక నంబరు మనిషితో పాటే నడుస్తోంది. డబ్బుకు దొరికిన ఆ వెసులుబాటు నేర్పుకు కూడా దొరకాలి.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ రంగం ఈ గని పనులకు పూర్తిగా భిన్నమని చాలామంది అనుకుంటారు. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి ఒక తరం మొత్తం కంపెనీలు మారుతూనే ఎదిగింది. ఒకే చోట ఉంటే ఏటా వచ్చే హైక్ కొద్దిగా ఉంటుంది, కంపెనీ మారితే ఒక్కసారిగా పెరుగుతుంది. అందుచేత రెండేళ్లకో మూడేళ్లకో మారడం అలవాటయింది. ఇక్కడ మెట్లు ఒక భవనంలో కాకుండా నగరమంతా పరుచుకుని ఉన్నాయి. నిజమే. కానీ ఇక్కడ కూడా యజమాని చెయ్యి చాలా పెద్దది.

కాలేజీ నుంచి కంపెనీలో చేరిన అమ్మాయికి శిక్షణ తర్వాత ఏ ప్రాజెక్టు ఇస్తారన్నది ఆమె చేతిలో ఉండదు. ఆ నెల ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేస్తారు. ఒకరికి కొత్త టెక్నాలజీలో డెవలప్‌మెంట్ వస్తుంది. పక్క సీటు అమ్మాయికి పాత సిస్టమ్ సపోర్ట్, రాత్రి షిఫ్టులో టికెట్లు మూసే పని వస్తుంది. మూడేళ్ల తర్వాత ఇద్దరూ బయట ఇంటర్వ్యూకు వెళితే ఒకరికి పిలుపులు వస్తాయి, ఇంకొకరిని నువ్వు కోడ్ రాసింది ఎక్కడ అని అడుగుతారు. ఇద్దరూ కలిసి చదువుకున్నవాళ్లే. ఆ మూడేళ్లలో సొంతంగా నేర్చుకోవచ్చు కదా అంటారు. పది గంటల డ్యూటీ, రెండు మూడు గంటల ప్రయాణం, ఇంటి పని పోగా మిగిలిన సమయంలో నేర్చుకున్నదాన్ని కూడా చాలా కంపెనీలు అనుభవంగా లెక్కించవు. రెజ్యూమేలో ప్రాజెక్టు పేరు కావాలంటాయి.

ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో శిక్షణను రెండుగా విడదీశాడు. ఎక్కడైనా పనికొచ్చే శిక్షణ ఒకటి, ఆ ఒక్క సంస్థకే పనికొచ్చేది ఇంకొకటి. ఎక్కడైనా పనికొచ్చేదానికి యజమాని డబ్బు పెట్టడానికి వెనకాడతాడు, నేర్చుకున్నవాడు రేపు వెళ్లిపోతాడేమోనని. మన కంపెనీల బాండ్లు, మూడు నెలల నోటీసు పీరియడ్లు ఈ భయంలోంచి పుట్టినవే. ఉద్యోగం మానేశాక ఇంకెక్కడా ఆ పని చేయకూడదనే షరతులు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లవు. బాండ్ సంగతి వేరు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు పనిచేయకుండా వెళితే 2 లక్షల రూపాయలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. సంస్థకు నియామకం మీద, శిక్షణ మీద ఖర్చు ఉంటుంది, అది న్యాయమే. నన్ను బాధపెట్టేది తొంభై రోజుల నోటీసు. కొత్త కంపెనీ నెలలోపు రమ్మంటుంది, పాత కంపెనీ మూడు నెలలైతేగానీ రిలీవింగ్ లెటర్ ఇవ్వనంటుంది. అది లేకుండా కొత్తచోట చేర్చుకోరు. ఈ మధ్యలో పోయిన అవకాశాలకు ఎవరు బాధ్యులు? అదే కంపెనీకి ప్రాజెక్టు తగ్గితే ఉద్యోగి చేత ఒక్కరోజులో రాజీనామా రాయించుకున్న సందర్భాలు ఈ నగరంలో అందరికీ తెలుసు. నోటీసు రెండు వైపులా సమానంగా ఉండాలి, ముప్పై రోజులు దాటకూడదు.

చేరిన సంవత్సరం కూడా మనిషిని వదలదు. ఫిలిప్ ఒరియోపౌలస్, టిల్ వాన్ వాక్టర్, ఆండ్రూ హైజ్ కెనడా పట్టభద్రుల మీద చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. మాంద్యంలో చదువు ముగించినవాళ్ల సంపాదన మొదట్లో సుమారు 9 శాతం తక్కువగా ఉండి, అయిదేళ్లకు ఆ నష్టం సగమై, పదేళ్లకు గానీ పూడలేదని వాళ్లు చూపించారు. ఎలా పూడిందన్నది ఇంకా ముఖ్యం. మొదట దొరికిన చిన్న సంస్థల నుంచి మెరుగైన సంస్థలకు మారగలిగినవాళ్లు కోలుకున్నారు. మారలేనివాళ్లు వెనకబడే ఉన్నారు. మన దగ్గర 2001లో, 2008–09లో ఇంజనీరింగ్ ముగించినవాళ్లకూ, ఈ మధ్య ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని జాయినింగ్ తేదీ కోసం నెలలకొద్దీ ఎదురుచూసినవాళ్లకూ ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. వాళ్లను ఇంట్లోవాళ్లు నీ తోటివాళ్లంతా ఎక్కడున్నారో చూడు అనడం మానుకుంటే ఎంతో మేలు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి ఒక్కటి చెబుతాను. అక్కడ జీతం పెద్దదే, మెట్లూ ఉన్నాయి, కానీ హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా యజమాని పిటిషన్ మీద నిలబడి ఉంటుంది. 2000లో వచ్చిన చట్టం వల్ల కొత్త యజమాని పిటిషన్ వేసిన వెంటనే అక్కడ చేరే వీలు కలిగింది, అది పెద్ద ఊరట. ఉద్యోగం పోయినవారికి గరిష్ఠంగా 60 రోజుల గడువు 2017 నుంచి ఉంది. గ్రీన్‌కార్డు దగ్గరికి వచ్చేసరికి, ఒక్కో దేశంలో పుట్టినవారికి 7 శాతం అనే పరిమితి వల్ల భారతీయుల వరస ఏళ్లకేళ్లు సాగుతుంది. ఆ వరసలో ఉండగా యజమాని మారితే, పాత తేదీ నిలిచినా, కాగితాల ప్రక్రియ కొత్త యజమానితో మళ్లీ నడపాలి. అదే కంపెనీలో పని స్వభావం బాగా మారినా మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. అందుకని వచ్చిన ప్రమోషన్‌ను వద్దనుకున్నవాళ్లున్నారు. పైకి వెళ్లే శక్తీ, పిలిచే చోటూ ఉండి కూడా కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ ఇళ్లలో అడగండి.

మళ్లీ మన ఊళ్లకు వస్తాను. ప్రభుత్వ బడిలో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరినవారికి స్కూల్ అసిస్టెంట్, ఆపైన హెడ్మాస్టర్ అనే వరస ఉంది. ఖాళీలు, సీనియారిటీ జాబితాల తగవులు, కోర్టు కేసుల మధ్య ఆ వరస ఎంత నెమ్మదో ఉపాధ్యాయులకు తెలుసు. ప్రమోషన్ రానివారికి 6, 12, 18, 24 ఏళ్లకు స్కేలు మార్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీం ఉంది. కేంద్ర ఉద్యోగులకు 10, 20, 30 ఏళ్లకు ఇలాంటిదే ఉంది. ఇవి లేకపోతే ఇంకా అన్యాయం జరిగేది, కాబట్టి వాటిని తక్కువ చేయను. అయినా అందులో పెరిగేది జీతం మాత్రమే. ఇరవై నాలుగేళ్లు ఒకటో తరగతి పిల్లలకు చదువు నేర్పిన టీచరమ్మకు, ఆ నేర్పును కొత్త టీచర్లకు అందించే బాధ్యత, ఆ బాధ్యతకో పేరు, దానికో గౌరవం ఎందుకు ఉండకూడదు? చిన్న పిల్లలతో పనిచేసేవాళ్లకు పైకి వెళ్లడమంటే ఆ పిల్లల్ని వదిలి ఆఫీసు గదిలోకి వెళ్లడమే అయితే, బడికే నష్టం.

మెట్టు కట్టడానికి కోట్లు కావాలని ఎవరైనా అంటే అంగన్‌వాడీని చూపిస్తాను. ఆయాగా చేరిన మహిళ చాలా ఊళ్లలో ఆయాగానే రిటైర్ అయ్యేది. 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, అయిదేళ్ల అనుభవం ఉన్న ఆయాలకు టీచర్ పోస్టుల్లో 50 శాతం, అయిదేళ్ల అనుభవం ఉన్న టీచర్లకు సూపర్‌వైజర్ పోస్టుల్లో 50 శాతం, అర్హతలకు లోబడి, కేటాయించాలని ఉంది. కొత్త భవనం కట్టలేదు, కొత్త శాఖ పెట్టలేదు. ఉన్న ఖాళీల్లో సగం లోపలివాళ్లకని ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం వల్ల నలభై ఏళ్ల వయసులో ఓపెన్ స్కూల్ పుస్తకాలు ముందేసుకునే ఆయాలు ఉంటారు. చదువుకు ఒక ఫలితం కనిపించింది కాబట్టి.

ఆశా కార్యకర్తకు అలాంటి వాక్యం ఇంకా గట్టిగా రాయలేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన పని అది. సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశా. గర్భిణుల్ని ఆస్పత్రికి తీసుకెళ్లడం, టీకాలు, టీబీ మందులు, కోవిడ్ రోజుల్లో ఇంటింటి సర్వే, అన్నీ ఆమే చేసింది. ఇరవై ఏళ్లుగా చేస్తున్నా ఆమెను ఉద్యోగి అనరు, స్వచ్ఛంద కార్యకర్త అంటారు, కాబట్టి ఆమెకు క్యాటగిరీ లేదు, సీనియారిటీ లేదు. కొన్ని రాష్ట్రాలు ఏఎన్ఎం, అంటే ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్త, శిక్షణ సీట్లలో ఆశాలకు ప్రాధాన్యం ఇచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి జిల్లాలోనూ ఏఎన్ఎం, నర్సింగ్ శిక్షణ సీట్లలో ఆశాలకు నిర్ణీత వాటా ఉండాలి, వయసు పరిమితి సడలించాలి, శిక్షణ కాలంలో ఇంటి ఖర్చుకు సరిపడా భృతి ఇవ్వాలి. ఒక ఊళ్లో ఏ ఇంట్లో ఎవరికి బీపీ ఉందో, ఎవరికి కాన్పు కష్టమైందో నోటికి చెప్పగల మనిషిని ఏఎన్ఎంగా తీసుకోవడానికి ప్రభుత్వం ఇంకా ఏం రుజువు కావాలంటుంది?

ఇది విన్నవాళ్లలో పంచాయతీ సభ్యులు, ఎమ్మెల్యేలు, ఆరోగ్య శాఖ అధికారులు ఉంటే, మీ మండలంలో ఆశాగా చేరి ఏఎన్ఎం అయినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఈ వారంలోనే ఒకసారి కనుక్కోండి.